పవర్‌షెల్ ఐఎస్ఈ నుంచి వీఎస్ కోడ్‌కి మారడం ఎలా?

విండోస్‌లో స్క్రిప్టులు ఇంకా పవర్‌షెల్ ఐఎస్ఈలోనే రాస్తున్నారా? అది విండోస్ పవర్‌షెల్ 5.1 దగ్గరే ఆగిపోయింది. మైక్రోసాఫ్ట్ దానికి కొత్త ఫీచర్లు ఇవ్వట్లేదు. పవర్‌షెల్ 7 వాడాలంటే వీఎస్ కోడ్‌కి మారడమే మంచిది. ఇది ఫ్రీ కూడా.

1. వీఎస్ కోడ్, పవర్‌షెల్ 7 విడివిడిగా ఇన్‌స్టాల్ చేయండి. తర్వాత వీఎస్ కోడ్‌లో కంట్రోల్+షిఫ్ట్+ఎక్స్ నొక్కి, మైక్రోసాఫ్ట్ వాళ్ల పవర్‌షెల్ ఎక్స్‌టెన్షన్ వేసుకోండి.

2. స్క్రీన్ కొత్తగా అనిపిస్తే కంట్రోల్+షిఫ్ట్+పి నొక్కి 'ఎనేబుల్ ఐఎస్ఈ మోడ్' ఎంచుకోండి. దాదాపు పాత లేఅవుటే వచ్చేస్తుంది.

3. ఎఫ్5 నొక్కితే స్క్రిప్ట్ మొత్తం రన్ అవుతుంది. ఎఫ్8 నొక్కితే సెలెక్ట్ చేసిన లైన్లు మాత్రమే. ఫైళ్లు డిలీట్ చేసే స్క్రిప్ట్ అయితే ఈ తేడా అస్సలు మర్చిపోకండి!

4. స్క్రిప్టులో తెలుగు అక్షరాలు ఉన్నాయా? వీఎస్ కోడ్ మామూలుగా బామ్ లేని యూటీఎఫ్-8లో సేవ్ చేస్తుంది. పవర్‌షెల్ 7 దాన్ని సరిగ్గానే చదువుతుంది. కానీ అదే ఫైల్‌ని 5.1లో రన్ చేస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. ఆ ఫైల్ పాత సిస్టమ్‌లో కూడా నడవాలంటే, కింద కుడివైపున్న 'యూటీఎఫ్-8' మీద క్లిక్ చేసి, 'సేవ్ విత్ ఎన్‌కోడింగ్'లో 'యూటీఎఫ్-8 విత్ బామ్' ఎంచుకోండి.

ముందు ఒక చిన్న స్క్రిప్ట్‌తో ట్రై చేయండి. అన్నీ సరిగ్గా నడిచాక మిగతావి మార్చుకోవచ్చు.