ఒక నంబరు ఎక్కువ బూటు వద్దు

రాజమహేంద్రవరం

సుజాతా,

నీ ఉత్తరం అందింది. నిర్మాణ సైటులో ఉద్యోగం గురించి రెండు పేజీలు రాసి, అసలు సంగతి చివర రెండు వాక్యాల్లో ఇరికించావు. బొటనవేలి గోరు నల్లబడిందట, సాయంత్రమయ్యేసరికి చిటికెనవేలి పక్కన మంట పుడుతోందట, అందుకని ఈసారి ఒక నంబరు పెద్ద సేఫ్టీ బూట్లు తగ్గింపు ధరలో తెప్పించుకుంటావట. మీ అమ్మకు చెప్పొద్దన్నావు, చెప్పలేదు. ఆ బూట్లు మాత్రం కొనకు. ఇప్పటికే కొనేసి ఉంటే గచ్చు మీద మాత్రమే తొడిగి చూసి, వెనక్కి తీసుకునే గడువు దాటకముందే పంపించెయ్.  నేరుగా విషయానికి వస్తాను.

బూటు మీద వేసే నంబరు పొడవును మాత్రమే చెబుతుంది. మన దుకాణాల్లో నడిచేది ఇంగ్లండు కొలత. అందులో నంబరుకూ నంబరుకూ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. నంబరు పెరిగితే వెడల్పూ పెరుగుతుంది గానీ ఎంతనుకున్నావు? అరికాలి దగ్గర సుమారు రెండు మిల్లీమీటర్లు. నీకు చిటికెనవేలి పక్కన ఆ రెండు మిల్లీమీటర్ల చోటు కావాలి. దాని కోసం నీకు అక్కర్లేని ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల పొడవును కూడా నెత్తిన పెట్టుకుంటున్నావు. ఆ అదనపు పొడవు ఊరికే ఉండదు. నిచ్చెన దిగేటప్పుడు, ర్యాంపు మీద నుంచి వచ్చేటప్పుడు పాదం ముందుకు జారి గోరు వెళ్లి బూటు ముందుభాగంలోని స్టీలు టోపీకి కొట్టుకుంటుంది. జారకుండా లేసులు బిగిస్తే పాదం పైభాగం నొక్కుకుపోతుంది, వదులు చేస్తే మడమ పైకి లేచి బొబ్బలొస్తాయి. మంటకు మందనుకున్నది గోటికి జబ్బవుతుంది. పొడవు చాలని బూటులోనూ గోరు నల్లబడుతుంది, కాబట్టి నీది ఏ రకమో కొలిస్తేనే తేలుతుంది. చిటికెనవేలి మంట మాత్రం వెడల్పు చాలకనే.

ఇది నా చాదస్తమని నువ్వు నవ్వుతావని తెలుసు. కానీ చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల లక్షమందికి పైగా జనం పాదాలను త్రీడీ యంత్రాలతో కొలిచారు. యూరపువాళ్ల, అమెరికావాళ్ల పాదాలకంటే మన పాదాలు వెడల్పని తేలింది. సరిపడే వెడల్పు దొరకక జనం పొడవైన బూట్లు కొనుక్కుని, లేసులు అతిగా బిగించి తిరుగుతున్నారని కూడా వాళ్లే గుర్తించారు. మనకంటూ 'భా' అనే కొత్త కొలతల పద్ధతిని ప్రతిపాదించింది అందుకే. అంటే నువ్వు చేయబోతున్న పనినే దేశంలో చాలామంది చేస్తున్నారు. వాళ్లు చేస్తున్నారని అది సరైనదైపోదు. ఆ పద్ధతి దుకాణాల్లోకి వచ్చి అందరికీ అలవాటయ్యేదాకా మన పాదాన్ని మనమే కొలుచుకోవాలి. పొద్దున్నుంచి రాత్రి దాకా పది పన్నెండు గంటలు ఆ బూట్లలోనే నిలబడి, వాటితోనే బస్సెక్కే అమ్మాయివి నువ్వు. గుడికో పెళ్లికో గంటసేపు తొడిగే జోడైతే ఇంత చెప్పను.

కొలత ఎలా తీసుకోవాలన్నది కూడా ముఖ్యమే. అమెరికా సైన్యంలో మన్సన్ అనే వైద్యాధికారి ఉండేవాడు. సైనికుల కాళ్లు ఎందుకు పాడవుతున్నాయో తేల్చడానికి పెట్టిన మండలి దాదాపు రెండువేల మంది పాదాలను పరిశీలించింది. ఆ పరిశీలన మీద ఆయన 1912లో ఒక పుస్తకం రాశాడు. అందులోంచి పుట్టిన నియమం నాకు భలే నచ్చింది. సైనికుడి వీపు మీద నలభై పౌండ్ల బరువు పెట్టి, నిలబెట్టి మరీ బూటు సరిచూడాలన్నారు. కూర్చున్నప్పటి పాదం వేరు, బరువుతో నిలబడ్డప్పటి పాదం వేరు. బరువు పడితే పాదం పొడవూ సాగుతుంది, వెడల్పూ పరుచుకుంటుంది. నువ్వేమో ఎత్తులు కొలిచే లెవెల్ యంత్రమూ, దాని స్టాఫు కర్రా, నీళ్ల సీసా మోసుకుని తిరిగేదానివి. దుకాణంలో స్టూలు మీద కూర్చుని బొటనవేలి దగ్గర నొక్కి చూసి సరిపోయిందనుకుంటే ఎలా? పైగా రోజంతా నిలబడితే సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది. కనుక కొనాల్సింది సాయంత్రమే, అదీ సైటుకు వేసుకునే మందపాటి సాక్సుతోనే. రెండు పాదాలూ ఒకే కొలతలో ఉండవు, పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

నీ ఉత్తరంలో ఇంకో మాట ఉంది. 'సుఖం తర్వాత సంగతి మామయ్యా, ముందు రెండేళ్లు మన్నాలి కదా' అన్నావు. అక్కడే నీతో నాకు పేచీ. సుఖమూ మన్నికా రెండు వేర్వేరు గుణాలనీ, ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలనీ అనుకుంటున్నావు. బూటు ఎక్కడ పాడవుతుందో చూడు. నడిచేటప్పుడు పాదం వేళ్ల మొదళ్ల దగ్గర వంగుతుంది, బూటు కూడా సరిగ్గా అక్కడే వంగేలా చేస్తారు. నంబరు పెద్దదైతే బూటు వంపు పాదం వంపుకంటే ముందుకు పోతుంది. అప్పుడు తోలు వంగాల్సిన చోట కాకుండా వేరేచోట మడతపడుతుంది. రోజుకు వేలసార్లు పడే ఆ మడత దగ్గరే తోలు ముందు పగులుతుంది, సోలు ముందు విడిపోతుంది. మడమ జారితే లోపలి అస్తరు చిరిగి, మడమను పట్టుకునే గట్టి పట్టీ మెత్తబడిపోతుంది. వెడల్పు చాలకపోతే తోలు సోలు అంచు దాటి పక్కకు పొంగి, అక్కడి కుట్లు రాళ్లకీ ఇనుపచువ్వలకీ రాసుకుని తెగుతాయి. ఈసారి సైటులో పాతబడ్డ బూట్లు కనిపిస్తే గమనించు, చాలావాటి చావు ఈ మూడు చోట్లే ఉంటుంది. ఎంత మంచి తోలైనా, ఎంత గట్టి కుట్టైనా పాదానికి కుదరకపోతే నిండు ఆయుష్షు బతకదు. అన్నట్టు అన్నం వేళకు తింటున్నావా? ఉత్తరంలో ఆ ఊసే లేదు.

'తోలే కదా, తొడగ్గా తొడగ్గా సాగుతుంది' అంటారు దుకాణంవాళ్లు. మామూలు బూటుకు అది కొంతవరకు నిజమే. సేఫ్టీ బూటు ముందుభాగంలో ఉన్నది స్టీలు, అది సాగదు. మన ఐ.ఎస్. 15298 ప్రమాణం ప్రకారం సేఫ్టీ బూటు టోపీ 200 జౌళ్ల దెబ్బకు తట్టుకోవాలి. ఇంచుమించు ఇరవై కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడ్డంత దెబ్బ అది. అంత దెబ్బకు లొంగనిది నీ చిటికెనవేలికి లొంగుతుందా? కొన్నరోజు టోపీ దగ్గర నొక్కితే ఆఖరిరోజు దాకా నొక్కుతూనే ఉంటుంది. స్టీలుకు బదులు ప్లాస్టిక్, ఫైబర్ కలిపిన టోపీలు వస్తున్నాయి. ఆ ప్రమాణం ముద్ర ఉంటే రక్షణలో అవీ అంతే. బరువు తక్కువ, ఎండకూ తొందరగా వేడెక్కవు, కానీ అవీ సాగవు. ఇన్‌సోల్ వేసుకుంటానంటావేమో. ఇన్‌సోల్ ఎత్తును నింపుతుంది తప్ప వెడల్పు ఇవ్వదు. పైగా పాదాన్ని పైకి లేపి, ఉన్న చోటును కూడా తగ్గిస్తుంది.

ఇక కంపెనీవాళ్లే ఇస్తున్నారు కదా అన్న మాట. ఇవ్వాలి కూడా. నిర్మాణ పనులకు సంబంధించిన 1998 నాటి కేంద్ర నియమాల్లోనే తడి కాంక్రీటులో పనిచేసేవాళ్లకు నీళ్లు పట్టని బూట్లు యజమాని ఇవ్వాలని రాశారు. కానీ స్టోర్సులో గుత్తగా తెప్పించేటప్పుడు నంబర్లు రాసుకుంటారు, వెడల్పులు ఎవరూ రాయరు. ఆడపిల్లలకైతే మగవాళ్ల బూట్లలోనే చిన్న నంబర్లు ఏరి ఇస్తారు. ఆడవాళ్ల పాదం మగవాళ్ల పాదానికి చిన్న నకలు కాదు, పొడవుతో పోల్చి చూస్తే మడమా పైభాగమూ ఆకారంలో తేడాగా ఉంటాయి. అందుకే నీకు వేళ్ల దగ్గర బిగుతు, మడమ దగ్గర వదులు. ఇచ్చింది వేసుకోవడం మర్యాద అనుకోకు. నీ కొలతలు కాగితం మీద రాసి స్టోర్సుకు ఇవ్వు. కుదరదంటే అదే ప్రమాణం ముద్ర ఉన్న బూట్లు సొంతంగా కొనుక్కుంటానని మీ సేఫ్టీ ఆఫీసరును అడుగు. సిగ్గుపడకు తల్లీ, నువ్వడిగితే నీ తర్వాత చేరే అమ్మాయికీ దారి దొరుకుతుంది.

తగ్గింపు ధర గురించి చెబితే నీకు కోపమొస్తుందేమో గానీ చెప్పక తప్పదు. మన సేఫ్టీ బూట్లలో చాలావాటి సోలు పాలీయూరిథేన్. తేలిక, మెత్తన, నడకకు హాయి. కానీ చాలా రకాల పాలీయూరిథేన్‌కు గాలిలోని తేమంటే పడదు. వాడినా వాడకపోయినా తేమ తగిలి ఏళ్ల తరబడి లోపల్లోపలే విడిపోతూ, ఒకరోజు ఎండిన రొట్టెలా పొడిపొడిగా రాలిపోతుంది. పెట్టెలో భద్రంగా దాచిన కొత్త బూటుకూ ఇదే గతి. నువ్వున్నదేమో కాకినాడ సముద్రపు గాలిలో. అందుకే సగం ధరకు అమ్మే బూటు చూస్తే నాకు ముందు దాని వయసు మీద అనుమానమొస్తుంది. ప్రమాణం పాటించిన బూటు మీద ఐ.ఎస్.ఐ. ముద్రతోపాటు తయారైన కాలం కూడా ఉండాలి. లేసుల కింది పట్టీ మీదో సోలు మీదో వెతికి చూడు. ఏళ్ల కిందటిదైతే ఎంత చవకైనా వద్దు. 'మళ్లీ దొరకవు' అని అదనపు జోడు కొని దాచిపెట్టడమూ దండగే. దాచడానికి బదులు రెండు జోళ్లనూ రోజు మార్చి రోజు వేసుకుంటే, చెమటకు తడిసిన బూటుకు ఆరడానికి ఒక రోజంతా దొరుకుతుంది. ఒక్కో జోడూ ఎక్కువకాలం నిలుస్తుంది. వేడి తగిలే చోట, నూనె పారే చోట పనైతే అడుగుభాగం నైట్రైల్ రబ్బరుది చూసుకో. బరువు కాస్త ఎక్కువే గానీ వేడిని బాగా తట్టుకుంటుంది.

సోలు మార్పించుకునేలా వెల్ట్ కుట్టు వేసిన ఖరీదైన బూట్ల గురించి అడిగావు. వాటి గొప్పతనం కాదనను. కానీ ఆ కుట్టు తెలిసి సోలు మార్చే పనివాడు నీకు దగ్గరలో ఉంటేనే ఆ ఖరీదుకు అర్థం. లేకపోతే రెండేళ్ల తర్వాత అదీ పారేసే బూటే. తోలు విషయంలో అంత తర్కం అక్కర్లేదు. పైపొర చెక్కని గేదెతోలు గట్టిది, పనికి అది చాలు. కింది పొరకు రంగు పూసినది వద్దు. సిమెంటు నీళ్లు క్షారం, తోలును బిరుసెక్కించి పగలగొడతాయి. కాంక్రీటు పోసే రోజున గమ్ బూట్లు వేసుకో. మామూలు బూట్ల మీద సిమెంటు పడితే ఎండకముందే తడిగుడ్డతో తుడువు. తడిసిన బూట్లను ఎండలో పెట్టకు, పాత పేపరు ఉండచేసి లోపల కుక్కి నీడన ఆరబెట్టు. బూట్లకే నీడ చూపిస్తున్నాను, నువ్వు మధ్యాహ్నప్పూట తలకు గుడ్డైనా కట్టుకుంటున్నావో లేదో.

ఇంత రాసి ఒక పని అప్పజెప్పకపోతే నువ్వు చదివి మడిచి పెట్టేస్తావని తెలుసు. ఆదివారం సాయంత్రం గోడకు ఆనించి నేల మీద తెల్లకాగితం పరిచి, మడమ గోడకు తగిలేలా నిలబడు. బరువంతా ఆ కాలి మీద వెయ్యి. పెన్సిలు నిటారుగా పట్టుకుని చుట్టూ గీయమని ఎవరికైనా చెప్పు, నువ్వు వంగి గీసుకుంటే కొలత మారిపోతుంది. గోడ నుంచి అన్నిటికంటే పొడుగు వేలి కొస దాకా ఒక కొలత, పాదం బాగా వెడల్పుగా ఉన్నచోట ఒక కొలత. రెండు కాళ్లకూ తియ్యి. దుకాణానికి వెళ్లాక బూటులోని ఇన్‌సోల్ బయటికి లాగి దాని మీద నిలబడు. పాదం దాని అంచులు దాటి పక్కకు పొర్లితే, నంబరు ఏదైనా సరే, ఆ బూటు నీది కాదు. పొడుగు వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, మడమ లేవకూడదు. మెట్లుంటే ఎక్కి దిగి చూడు. దుకాణంవాడు విసుక్కుంటే విసుక్కోనీ.

డబ్బు సంగతి మీ అత్తయ్యకు చెప్పాను, తను పంపిస్తుంది. ఆ నాలుగు కొలతలూ మిల్లీమీటర్లలో నాకు రాసి పంపు. అవి అందేదాకా ఏ బూట్లూ కొనకు.

ఇట్లు,
మీ మామయ్య