ట్యాంకులో ఏముందో చూసుకో

బిష్టుపూర్, జంషెడ్‌పూర్

చి. సుమతీ,

డ్రోన్ పైలట్ శిక్షణలో చేరావని మీ అమ్మ చెప్పింది. పటమ్‌దా కూరగాయ తోటలకు మందు కొట్టే పని మొదలుపెడతావట. సంతోషం. ఎగరేయడం నాకు రాదు. ఫ్యాక్టరీ సేఫ్టీ విభాగంలో తల నెరిసినవాణ్ణి కాబట్టి, ఎగిరేదాని పొట్టలో ఉన్న సరుకు గురించి మాత్రం చెప్పగలను.

ఎగరడానికి అనుమతి వేరు, సరుకుకు అనుమతి వేరు. రిమోట్ పైలట్ సర్టిఫికెట్, డ్రోన్ నమోదు, ఎక్కడ ఎగరేయవచ్చో చూపే డిజిటల్ స్కై మ్యాప్‌లో రంగులు, ఇవన్నీ మొదటిదానికే. మనకు ఊళ్లోనే సోనారీ విమానాశ్రయం ఉంది, మ్యాప్ చూడకుండా మోటారు తిప్పకు. ఇక ప్రమాదకర సరుకు మోయాలంటే 2003 నాటి విమాన రవాణా నిబంధనలకు లోబడాలని 2021 డ్రోన్ రూల్సే చెబుతున్నాయి. ఆ లెక్కలో విషాలు 6వ తరగతి, యాసిడ్లు 8, నీ డ్రోన్‌ను నడిపే లిథియం బ్యాటరీ 9. రేపు ఎవరో ల్యాబ్ నుంచి షెడ్డుకు చిన్న యాసిడ్ సీసా చేరవేయమంటారు. సీసా చిన్నదని చట్టం చిన్నదైపోదు, కుదరదని చెప్పు.

అసలు చిక్కు మందు కొట్టడంలో ఉంది. వీపు పంపుతో ఎకరాకు 150 నుంచి 200 లీటర్ల నీళ్లు పడతాయి. డ్రోన్ ట్యాంకులో అదే ఎకరాకు దాదాపు 10 లీటర్లు. మందు మోతాదు తగ్గలేదు, నీళ్లే తగ్గాయి. అంటే నువ్వు చల్లే ఒక్కో చుక్క ఎంత చిక్కనిదో చూడు. పైగా సన్నటి చుక్క. గాలి కాస్త పక్కకు మళ్లితే పక్క చేను, చేపల చెరువు, బట్టలారేసిన దండెం, అన్నీ తడుస్తాయి. కేరళ కాసర్‌గోడ్‌లో జీడి తోటల మీద హెలికాప్టర్‌తో ఎండోసల్ఫాన్ పురుగుమందు చల్లి, ఆ ఊళ్లు పడ్డ పాట్లు చదువు. సిలబస్‌లో లేకపోయినా చదువు.

1971 పురుగుమందుల నిబంధనలు ఆకాశం నుంచి కొట్టేవాళ్లకు విడిగా షరతులు పెట్టాయి. కనీసం 24 గంటల ముందు అధికారుల ద్వారా జనానికి తెలియాలి. ఆమోదించిన మందునే, ఆమోదించిన గాఢతలో, ఆమోదించిన ఎత్తు నుంచే కొట్టాలి. కడుక్కోవడానికి నీళ్లు, ప్రథమ చికిత్స సరంజామా దగ్గరుండాలి. ఆ మందు ఒంట్లోకి వెళ్తే ఏ లక్షణాలు కనిపిస్తాయో పైలట్‌కు తెలిసుండాలి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం ఈ చివరిదే, శిక్షణల్లో ఎక్కువగా దాటేసేదీ ఇదే.

2022లో 477 మందులను డ్రోన్‌తో కొట్టేందుకు రెండేళ్ల తాత్కాలిక అనుమతిచ్చారు. ఆ పాత జాబితా పట్టుకుని పొలంలోకి దిగకు. ఇవాళ ఏ పైరుకు ఏ మందుకు అనుమతి ఉందో వ్యవసాయాధికారిని అడుగు.

లేబుల్ చిరిగిన డబ్బా తెచ్చి రైతు ఎంత బతిమాలినా ట్యాంకులో పోయకు. బ్యాటరీలు మంచం కింద చార్జింగ్ పెట్టకు.

పెదనాన్న