చంటిపిల్లలతో చెట్ల దగ్గరికి

చెల్లెళ్లూ, దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల ఉండే తల్లులు కలిసినప్పుడల్లా ఒకటే మాట: "అక్కా, పిల్లలకి నాలుగు చెట్లు చూపిద్దామంటే ఎక్కడికని పోతాం?" నిజమే. నాలుగో అంతస్తులో ఇల్లు, కింద సిమెంటు పార్కింగు, గేటు దాటితే కోచింగ్ సెంటర్ల బోర్డులు. బొటానికల్ గార్డెన్ అనగానే అందరికీ కొత్తగూడే గుర్తొస్తుంది. అక్కడి కోట్ల విజయభాస్కరరెడ్డి గార్డెన్ 274 ఎకరాలు. మంచి చోటే, కాదనను. కానీ ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, హైటెక్ సిటీలో దిగి, మళ్లీ ఆటో పట్టుకుని గేటు చేరేసరికి మూడేళ్ల పిల్ల చంకెక్కి నిద్రపోతుంది. పిల్లలు కాస్త పెద్దయ్యాక అక్కడికి వెళ్లండి. ఐదేళ్లలోపు వాళ్లుంటే మాత్రం నా ఓటు మన వనస్థలిపురం హరిణ వనస్థలికే.

విజయవాడ హైవే మీద ఊరికి పోతూ ఆ చెట్ల పక్కనుంచే ఎన్నిసార్లు వెళ్లామో! ఒకప్పుడది నిజాం వేటమైదానం. మహావీరుడి 2500వ నిర్వాణ ఉత్సవాల సందర్భంగా 1975లో ఆయన పేరు పెట్టి జింకల వనం చేశారు. 1994లో జాతీయ ఉద్యానమైంది. మొత్తం 1,459 హెక్టార్లు, అంటే 3,600 ఎకరాల పైమాటే. వేటాడిన నేల మీదే అహింస చెప్పిన మహానుభావుడి పేరు నిలవడం నాకెంతో ఇష్టం.

అక్కడ పూలమడులు, ఫౌంటెన్లు వెతక్కండి. ఎండుగడ్డి, ముళ్లపొదలు, ఈ దక్కను నేలలో తమంతట తాము మొలిచిన చెట్లు. చిన్నపిల్లలకి కావలసింది అదే. కృష్ణజింక కనబడితే "నాన్న ఏది, అమ్మ ఏది?" అని అడగండి. నల్లగా, మెలితిరిగిన కొమ్ములున్నది మగది. గోధుమరంగుది ఆడది, దానికి మామూలుగా కొమ్ములుండవు. చుక్కల దుప్పి మన తెలంగాణ రాష్ట్ర జంతువని చెప్పండి. మగ దుప్పి కొమ్ములు ఏటా రాలిపోయి మళ్లీ మొలుస్తాయి, కృష్ణజింకవి అలా రాలవు. ఈ ఒక్క ముక్క చాలు, పిల్లలు వారం రోజులు మిమ్మల్ని ప్రశ్నలతో నిద్రపోనివ్వరు. బిస్కెట్లు మాత్రం జింకలకి పెట్టనివ్వకండి.

ఒక్కరోజులో అన్నీ చూపించాలనే ఆత్రం వద్దమ్మా. రెండు మూడు చెట్ల పేర్లు చాలు. రావి ఆకుని చేతికివ్వండి. కాడ సన్నగా, పొడుగ్గా ఉంటుంది కాబట్టే చిన్న గాలికి కూడా ఊగుతుందని వేళ్లతో తిప్పి చూపించండి. అత్తిపత్తి కనబడితే ముట్టుకోనివ్వండి. బతుకమ్మ రోజుల్లో తంగేడు, చలికాలంలో రేగుపళ్లు, శివరాత్రి వేళకి మోదుగ పూలు. దగ్గరున్న చోటైతేనే ఇలా కాలానికోసారి వెళ్లగలం.

ఇంకో మాట, ఇది గట్టిగా చెప్తున్నా. ఇటలీలోని పాదువాలో 1545లో బొటానికల్ గార్డెన్ పెట్టింది వైద్యం చదివేవాళ్లు మందుమొక్కని పోల్చుకోవడానికి, ఒకటనుకుని ఇంకొకటి వాడకుండా ఉండటానికి. మన పిల్లలకీ మొదటి పాఠం అదే కావాలి. గన్నేరు, పచ్చగన్నేరు మన రోడ్ల మధ్యే ఉంటాయి, రెండూ విషమే. ఉమ్మెత్తకాయ అంతే. ఎర్రగా ముద్దొచ్చే గురివింద గింజ నమిలి మింగితే ప్రాణం మీదికొస్తుంది. జిల్లేడు పాలు కంట్లో పడకూడదు. "చూడొచ్చు, అడగొచ్చు, నోట్లో పెట్టొద్దు" అని ఇంటి దగ్గరే చెప్పి బయల్దేరండి. ఒకవేళ ఏదైనా మింగితే ఇంటి వైద్యాలు చెయ్యకుండా, ఆ కొమ్మ కూడా పట్టుకుని నేరుగా ఆసుపత్రికి పోండి.

పొద్దున్నే వెళ్లండి, ఎండాకాలం పది దాటితే వద్దు. నిండు చేతుల చొక్కా, కాళ్లు కప్పే ప్యాంటు, స్టీలు డబ్బాలో పెరుగన్నం, దండిగా నీళ్లు. అంతకుమించి మోత దండగ.

అన్నిటికంటే ముఖ్యం, పెద్దవాళ్లని వెంట తీసుకెళ్లడం. ఎల్బీనగర్‌లో బస్సు దిగి మనవళ్లని చూడ్డానికొచ్చే నల్లగొండ, సూర్యాపేట నాయనమ్మలు మన అపార్టుమెంట్లలో ఎంతమందో. టీవీ ముందు పొద్దు పోక కూర్చుంటారు. అదే చెట్ల మధ్యకి తీసుకెళ్తే కానుగ పుల్లతో పళ్లెలా తోముకునేవారో, ఏ ఆకు దంచి దెబ్బకి కట్టేవారో గడగడా చెప్తారు. అవి మనకి తెలియవు, పిల్లల పుస్తకాల్లో లేవు. ఈసారి మీ అత్తమ్మ వచ్చినప్పుడు పిల్లల చెయ్యి ఆమె చేతికిచ్చి వనస్థలికి బయల్దేరండి. వారపు సెలవు ఏ రోజో మాత్రం ముందే కనుక్కోండి.