బరువు క్లబ్ ఏం నేర్పుతుంది?
(గోల్ఫ్: సందేహాలు - సమాధానాలు)

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా బరువైన ప్రాక్టీస్ క్లబ్ గురించే వచ్చాయి. అందుకే మిగతావి వచ్చే సంచికకు వాయిదా వేశాను.

"వయసు 61. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక గోల్ఫ్ మొదలుపెట్టాను. అమెరికాలో ఉన్న మా అబ్బాయి బరువు క్లబ్ తెచ్చిచ్చాడు. రెండు నెలలుగా రోజూ పొద్దున్నే డాబా మీద వంద సార్లు శక్తి కొద్దీ తిప్పుతున్నాను. ఆ వెంటనే డ్రైవర్ పట్టుకుంటే ఈకలా ఉంటోంది. బంతి మాత్రం ఎప్పుడూ పోయినంత దూరమే పోతోంది. ఇంకెన్నాళ్లు తిప్పాలి?" - ఒక పాఠకుడు, విశాఖపట్నం

అలాగైతే ఒక్క రోజు కూడా తిప్పొద్దండీ.

'ఈకలా' అన్నారు చూడండి, తిరకాసంతా అక్కడే ఉంది. బియ్యం బస్తా దించాక నాలుగడుగులు ఒళ్లు తేలిపోతున్నట్టుంటుంది కదా, ఇదీ అంతే. చేతులకు అలా అనిపిస్తుంది, క్లబ్ హెడ్ మాత్రం వేగం పుంజుకోదు. అమెరికా బేస్‌బాల్‌లో బ్యాటుకు బరువైన కడియం తొడిగి తిప్పి, దాన్ని తీసేసి ఆడటానికి వెళ్లడం పాత అలవాటు. న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు ఎల్‌స్టన్ హోవార్డ్ దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. తర్వాత పరిశోధకులు కొలిచి చూశారు. బ్యాటు వేగంగా తిరుగుతోందని ఆటగాళ్లకు అనిపించింది గానీ, నిజంగా వేగం పెరగలేదు. కొన్ని పరీక్షల్లో తగ్గింది కూడా.

మరి ఈ క్లబ్ దేనికి? వరస నేర్పడానికి. డ్రైవర్ బరువు సుమారు 300 గ్రాములు. మీ చేతిలోనిది కిలోకి అటూ ఇటూ ఉంటుంది. తేలికైన క్లబ్‌ని చేతులతోనే లాగేయొచ్చు, చాలామంది చేసేదీ అదే. పైనుంచి దిగేటప్పుడు మణికట్లు ముందే విప్పేసి, బంతి దగ్గరికి వచ్చేసరికి ఊపంతా ఖర్చు చేసేస్తారు. కిలో బరువుతో ఆ పప్పులుడకవు. ముందు పాదం నేలకు ఆనాలి, నడుము తిరగాలి, భుజాలు, చేతులు ఆ వెనక రావాలి, అన్నిటికంటే చివర క్లబ్ రావాలి. ఈ వరస తప్పితే క్లబ్బే మిమ్మల్ని పక్కకు లాగి చెబుతుంది.

రోట్లో దంచిన అనుభవం ఉన్నవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. అలవాటైన చెయ్యి రోకలిని ఎత్తి వదులుతుంది, మిగతా పని రోకలి బరువే చూసుకుంటుంది. కొత్తవాళ్లు కిందికి తొయ్యబోయి పది పోట్లకే చేతులు బొబ్బలెక్కించుకుంటారు. మీరు డాబా మీద చేస్తున్నది ఆ తోపుడు దంపుడే.

ఇలా చేసి చూడండి. పది స్వింగులు చాలు. నిండా కాదు, ముప్పాతిక వంతు. గ్రిప్ వదులుగా పట్టుకుని నెమ్మదిగా ఎత్తండి. పైన ఒక్క ఊపిరి ఆగి, క్లబ్ బరువు ఎక్కడుందో గమనించి, అప్పుడు దింపండి. మంచి ఆటగాళ్లలో బ్యాక్‌స్వింగ్‌కి పట్టే సమయం, బంతిని తాకేదాకా దిగడానికి పట్టే సమయానికి దాదాపు మూడింతలు. మనలో చాలామంది ఎత్తడంలోనే తొందరపడతాం. పది అయ్యాక మామూలు 7-ఐరన్‌తో నాలుగు బంతులు కొట్టి, మళ్లీ బరువు క్లబ్ పట్టుకోండి. డాబా మీద గాలిలో తిప్పుతూ ఉంటే క్లబ్ ముఖం ఎటు చూస్తోందో ఎవరు చెబుతారు? రేంజికి తీసుకెళ్లండి. రోజు విడిచి రోజు చాలు. మోచేయి లోపలివైపుగానీ నడుములోగానీ నొప్పి మొదలైతే ఆపేసి, డాక్టరుకి చూపించండి.

"బరువుతో వేగం రాదంటున్నారు. మరి దూరం పెరగాలంటే ఏం చెయ్యాలి?" - సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గచ్చిబౌలి

తేలికైనది తిప్పాలి. సూపర్‌స్పీడ్ వారి సెట్టు చూడండి. మూడు కర్రలుంటాయి. డ్రైవర్ కంటే ఒకటి 20 శాతం, ఇంకొకటి 10 శాతం తేలిక. మూడోది బరువైనదే, అదీ 5 శాతం మాత్రమే. వీటిని నెమ్మదిగా తిప్పితే ప్రయోజనం లేదు. ఒళ్లు వేడెక్కాక పూర్తి వేగంతో తిప్పి, మధ్యలో బాగా విశ్రాంతి తీసుకోవాలి.

బంతి క్లబ్ ముఖానికి నడిమధ్య తగిలితే, క్లబ్ హెడ్ వేగం గంటకు ఒక మైలు పెరిగినప్పుడు దూరం సుమారు రెండున్నర గజాలు పెరుగుతుంది. ఆ 'తగిలితే' అన్నది మరిచిపోకండి. డ్రైవర్ ముఖం మీద కాస్త పౌడర్ చల్లి పది బంతులు కొట్టి చూడండి. మచ్చలు నాలుగు దిక్కులా పడితే, కర్రలకు పెట్టే డబ్బు కోచ్‌కి ఇవ్వడం మేలు.

"పాత ఐరన్‌కి బరువు కట్టి ఇంట్లోనే చేసుకోవచ్చా?" - సికింద్రాబాద్

కట్టినది ఊడి ఎగిరితే ఎవరి తల పగులుతుందో చెప్పలేం. రెండు ఐరన్లు కలిపి పట్టుకుని నెమ్మదిగా తిప్పండి, ఖర్చు లేని బరువు క్లబ్ అదే. ఇంటి లోపల మాత్రం వద్దు. మా హాల్లో ఫ్యాన్ రెక్క ఒకటి ఇప్పటికీ వంకరగానే ఉంది, ఎందుకని మా ఆవిడ వచ్చిన ప్రతివాళ్లకూ చెబుతుంది.

"టోర్నమెంటులో టీ దగ్గర వరస కట్టి నిలబడాల్సి వస్తోంది. అప్పుడు బరువు క్లబ్ తిప్పి ఒళ్లు వేడి చేసుకోవచ్చా?" - గోల్కొండ కోర్సు సభ్యుడు

రౌండు మొదలు కాకముందు ఎంతైనా తిప్పండి. మొదలయ్యాక ముట్టుకోకూడదు. నిబంధన 4.3 ప్రకారం, రౌండు మధ్యలో బరువు కడియం లాంటి శిక్షణ పరికరంతో ప్రాక్టీస్ స్వింగ్ చేస్తే స్ట్రోక్ ప్లేలో రెండు స్ట్రోకుల శిక్ష, మ్యాచ్ ప్లేలో ఆ హోల్ పోతుంది. రెండోసారి చేస్తే పోటీ నుంచే బయటికి.

ఒకప్పుడు మొదటిసారికే బయటికి పంపేవారు. 2010 ఆగస్టులో, ఓరెగాన్‌లో జరిగిన సేఫ్‌వే క్లాసిక్‌ అనే మహిళల టోర్నమెంటులో ప్రొఫెషనల్ గోల్ఫర్ జూలీ ఇంక్‌స్టర్ పదో టీ దగ్గర అరగంట ఆగాల్సి వచ్చింది. అప్పటికామెకు 50 ఏళ్లు. ఒళ్లు బిగుసుకుపోకుండా 9-ఐరన్‌కి బరువు కడియం తొడిగి తిప్పింది. టీవీలో చూసినవాళ్లు ఫిర్యాదు చేశారు, ఆమెను పోటీ నుంచి తొలగించారు. ఆధిక్యంలో ఉన్నవారికి మూడే స్ట్రోకుల దూరంలో ఉంది అప్పుడు. మీరు క్లబ్‌ని కారులోనే వదిలి రండి.

"మా అమ్మాయికి పన్నెండేళ్లు. స్వింగ్ బలంగా రావడానికి బరువు క్లబ్ కొనివ్వమంటారా?" - ఒక తల్లి, హైదరాబాద్

వద్దమ్మా. తన ఎత్తుకు సరిపోయే తేలికైన పిల్లల సెట్టు కొనివ్వండి. ఇంట్లో వాళ్ల నాన్న పాత క్లబ్బులు ఉంటే కోసి ఇవ్వొద్దు. వాటి షాఫ్ట్ బిరుసు, హెడ్ ఆ చేతులకు బరువు. కోసిన క్లబ్ ఇవ్వడమంటే బరువు క్లబ్ ఇచ్చినట్టే.