పాత జీపు కమానులు: బాగుచేయుట, మెఱుగుపఱచుట

జీపును మనము కారులలో చేర్చి లెక్కింతుము గాని, దానిని తొలుత కోరి చేయించుకొనిన అమెరికా సైన్యము తన పత్రములలో దానిని పావు టన్ను లారీ యనియే వ్రాసికొనెను. 1941 మొదలు 1945 వఱకు విల్లీస్, ఫోర్డు సంస్థలు రెండును కలిసి ఆఱు లక్షలకు పైగా ఇట్టి బండ్లను తయారుచేసినవి. మన దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన తొలి సంవత్సరములలోనే బొంబాయిలో మహీంద్రా సంస్థ వీనిని కూర్చుటకు పూనుకొనినది. ఆ వంశపు బండ్లు నేటికిని కొండదారులలోను, తోటలలోను అక్కడక్కడ కనబడుచున్నవి. వీనికి రంగు వేయించువారు, ఇంజను బాగుచేయించువారు చాలమంది కలరు. వంగి అడుగుభాగమును చూచువారు మాత్రము తక్కువ. మలుపులోను, గుంతలోను, కూర్చున్నవారి ప్రాణములను కాపాడునది ఆ అడుగుభాగమే కనుక ఈ పాఠమునకు దానినే గ్రహించితిమి.

ముందుగా మాటను గూర్చి రెండు ముక్కలు. పట్టీలు పేర్చి చేసిన ఈ స్ప్రింగును మన మెకానిక్కులు కమాను అందురు. అది పారసీక పదము. విల్లు అని అర్థము. మన విల్లు తమిళములో విల్, కన్నడములో బిల్లు. తమిళ పాఠ్యపుస్తకములలో చుట్టల స్ప్రింగును సురుళ్‌విల్ అందురు, అనగా చుట్టవిల్లు. ఇంటిలో తెలుగు, వీథిలో తమిళము పలుకు మన పిల్లలకు ఈ ఒక్క వస్తువునందే మూడు భాషలు చేతులు కలుపుట కనబడును.

ఇక పని యేమి? ఎద్దుబండి ఇరుసుపై బండిచట్రము నేరుగా కూర్చుండును. రాయి తగిలిన దెబ్బ నడుమునకు తగులును. జట్కాబండికి ఇరుసునకును పెట్టెకును నడుమ కమానులుండును. జీపునకును అంతే: ముందొక ఇరుసు, వెనుకొక ఇరుసు, ఒక్కొక్కదానిపై రెండేసి కమానులు. చక్రము రాయి నెక్కినపుడు కమాను వంగి ఆ శక్తిని తనలో దాచుకొనును. వెంటనే తిరిగి ఇచ్చివేయును. తిరిగి ఇచ్చుటయే చిక్కు. బండి ఊయలవలె ఊగుచుండును. ఆ ఊపును అణచి, శక్తిని వేడిగా మార్చి గాలిలో కలుపునది షాక్ అబ్జార్బరు. బండి బరువును మోయునది షాక్ అబ్జార్బరే యని అనేకులు భ్రమపడుదురు. బరువును మోయునది కమాను. జీపు ఒకప్రక్కకు వాలినచో షాక్ అబ్జార్బరు మార్చినందువలన ప్రయోజనము లేదు.

కమానులో పెద్దపట్టీ రెండు కొనలను చుట్టి కన్నులుగా చేయుదురు. ఒక కన్ను చట్రమునకు స్థిరముగా బిగింపబడును. రెండవది షేకిలు అను చిన్న ఊగుడు లంకెకు తగిలింపబడును. ఎందులకనగా, వంపుగల పట్టీ చదునైనపుడు దాని కొనల నడుమ దూరము పెరుగును. రెండు కొనలను బిగించినచో అది వంగనే లేదు. తొలి జీపుల షేకిళ్లు యు ఆకారముగలవి, మరచుట్లు కలవి. వానిలో కొన్నిటికి ఎడమచుట్టు మర యుండును. అట్టివానిని గుర్తించుటకై వాని కాడపై చిన్న బొడిపె యుంచిరి. అది యెఱుగక బలము చూపి త్రిప్పువారు మరను చెఱచుకొందురు.

పట్టీ ఒక్కటే మందముగా నుండరాదా? తొమ్మిదవ తరగతి వారు ఈ లెక్కను చేయగలరు. పొడవు, వెడల్పు మారనిచో పట్టీ గట్టితనము దాని మందముయొక్క ఘనమును బట్టి యుండును. 12 మిల్లీమీటర్ల పట్టీ ఒకటి: 12 ఘనము 1728. 6 మిల్లీమీటర్ల పట్టీలు రెండు: 6 ఘనము 216, రెండింటికి 432. ఉక్కు సమానమే, గట్టితనము నాలుగవ వంతు. అంతేకాదు, రెండును ఒకే మేర వంగినపుడు మందపు పట్టీ పైపొరలో ఒత్తిడి రెట్టింపగును. అది త్వరగా పగులును. కావుననే పలుచని పట్టీలను పేర్చుదురు. వంపుబలము నడుమ హెచ్చుగాను, కొనలయొద్ద తక్కువగాను ఉండును కనుక, క్రిందిపట్టీలను పొట్టివిగా చేసి ఉక్కును ఆదాచేయుదురు.

ఏండ్లు గడచినకొలది పట్టీల నడుమ నీరు చేరి త్రుప్పు పట్టును. త్రుప్పు పట్టిన పట్టీలు ఒకదానిపై నొకటి జారక అతుకుకొనును. కమాను ఉన్నట్లే యుండును గాని చిన్న గుంతలకు వంగదు. నిత్యము భారము మోసినందున వంపు తగ్గును. డ్రైవరువైపు కొంత హెచ్చుగా తగ్గుట సాధారణము. కన్నులలోని బుష్‌లు అరుగును. అన్నిటికంటె భయపడవలసినది పగులు. అది తరచుగా సెంటరు బోల్టు రంధ్రమువద్ద పుట్టును. యు-బోల్టుల క్రింద దాగియుండుటచే పైకి కనబడదు.

కనుక బండిని చదునైన నేలపై నిలిపి, నాలుగుచోట్ల ఇరుసునుండి చట్రమువఱకు ఎత్తును కొలిచి వ్రాసికొనవలెను. విప్పునపుడు చట్రము క్రింద గట్టి దిమ్మెలు నిలుపవలెను. జాకీని నమ్మి బండి క్రింద దూరుట తగదు. ఈ మాట తల్లిదండ్రులు కూడ గుర్తుంచుకొందురు గాక. కమానును ఊడదీసిన పిమ్మట సెంటరు బోల్టును విప్పుటకు ముందు పట్టీల కట్టను బెంచివైసులో బిగించితీరవలెను. వంపులు వేఱువేఱుగా గల పట్టీలు బలవంతముగా కూడియున్నవి. బోల్టు వదలిన క్షణమున విడివడి చేతిని గాయపఱచును. తరువాత త్రుప్పు గీకి, అంచులను వేలితో తడవి, వెలుతురులో చూడవలెను. గీటు వంటి పగులు కనబడిన పట్టీని వెల్డింగు చేయించరాదు, తీసివేయవలెను.

వంపు తగ్గిన పట్టీలను కొలిమిలో ఎఱ్ఱగా కాల్చి సుత్తితో వంచుట మన ప్రాంతములలో వాడుక. ఇందులో మెలకువ కలదు. స్ప్రింగు ఉక్కును ఎఱ్ఱగా కాల్చి ఊరక చల్లార్చినచో అది మెత్తబడి, కొలది దినములలో మరల కుంగును. నీటిలో ముంచినచో గాజువలె పెళుసై రాతిదెబ్బకు విరుగును. నూనెలో ముంచి గట్టిపఱచి, మరల తగినంత వేడిచేసి ఆ పెళుసుతనమును తగ్గించిననే అది స్ప్రింగగును. ఈ రెండవ వేడిని కొలిచి ఇచ్చు కొలిమి లేనిచోట, వేడి చేయక చల్లగానే ప్రెస్సుపై కొద్దికొద్దిగా వంచుట మేలు. లేదా క్రొత్త కమాను కొనుట మేలు. విరిగిన ముందుకమాను ఇరుసును వెనుకకు లాగును; అపుడు స్టీరింగు చక్రము చేతిలోనున్నను బండి చేతిలో ఉండదు.

బిగింపులో రెండు సూత్రములు. యు-బోల్టులు ఒకసారి సాగినవి మరల పనికిరావు. క్రొత్తవి వేసి, కొంతదూరము నడిపిన పిమ్మట మరల బిగింపవలెను. రబ్బరు బుష్‌లున్న బండ్లలో కన్నుల బోల్టులను బండి చక్రములపై నిలిచిన తరువాతనే కడపటి బిగువు బిగింపవలెను. వ్రేలాడునపుడు బిగించినచో రబ్బరు ఎల్లప్పుడు మెలిపడియే యుండి చినుగును.

మెఱుగుపఱచుట యనగానే నేటి యువకులు బండిని ఎత్తుచేయ దలంతురు. మాకది రుచింపదు. కారణము చెప్పెదము. జీపు చక్రముల నడుమ వెడల్పు సుమారు 49 అంగుళములు, సగము 24.5. గరిమనాభి నేలనుండి 25 అంగుళముల ఎత్తున ఉన్నదనుకొందము. 24.5ను 25తో భాగించిన 0.98, అది 44 డిగ్రీల కోణపు టాన్. అంత వాలువఱకు, కమానుల వంపును లెక్కింపనిచో, బండి ప్రక్కకు పడదు. బండిని 4 అంగుళములు ఎత్తినచో 24.5ను 29తో భాగింపవలెను. కోణము 40 డిగ్రీలకు తగ్గును. మలుపులలో ఈ లోటు ప్రాణాంతకము. ఇంతియేకాక బ్రేకు గొట్టములు చాలవు, ప్రొపెల్లర్ షాఫ్టు కీళ్లు హెచ్చుగా వంగి అరుగును.

మరి చేయదగినదేమి? క్రొత్త బుష్‌లు, రెండువైపుల ఊపును అణచు మంచి షాక్ అబ్జార్బర్లు. ఇంకను కోరువారికి పారాబోలిక్ కమానులు కలవు. వానిలో పట్టీలు తక్కువ. నడుమ మందము, కొనలకు పలుచన. పట్టీల నడుమ ఎడము ఉండుటచే రాపిడి లేదు. రాపిడి తగ్గిన కొలది ఊపు హెచ్చును కనుక, పాత షాక్ అబ్జార్బర్లతో వానిని వాడరాదు.

మెత్తదనమునకు కొలత యేది? బండి బరువునకు కమాను 4 సెంటీమీటర్లు కుంగినచో బండి సెకనుకు సుమారు రెండున్నరసార్లు ఊగును. 10 సెంటీమీటర్లు కుంగినచో సుమారు 1.6 సార్లు. రెండవది మనము నడచునపుడు అడుగులు వేయు వేగమునకు దగ్గఱ; దేహమునకది అలవాటైన ఊపు. ఒక పట్టీ హెచ్చుగా వేయించువారు బరువు మోయు శక్తిని పొందుదురు గాని ఈ సుఖమును పోగొట్టుకొందురు.

పెద్దలకు ఒక విషయము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము బండిలో ఇష్టానుసారము మార్పులు చేయుటను నిషేధించుచున్నది. 2021లో చేసిన నియమముల సవరణ ప్రకారము, 50 ఏండ్లు దాటి, చట్రము, ఇంజను, పైకట్టు మొదలైనవానిలో గణనీయమైన మార్పులు లేక, మొదటి రూపముననే నిలిచిన బండికి ప్రత్యేకముగా వింటేజి నమోదు లభించును. పాత కమానును పాతదానివలెనే బాగుచేయుట ఇందుకును ఉపకరించును.

అభ్యాసము: జీపు వెనుక ఇరుసుకు సరిగా పైన, రెండు బల్లలపై, నలుగురు కూర్చున్నారు, మొత్తము 240 కిలోలు. చట్రము 3 సెంటీమీటర్లు దిగినది. వెనుక కమాను ఒక్కొక్కటి మిల్లీమీటరుకు ఎన్ని కిలోలు మోయుచున్నది? ఒకప్రక్క 3, రెండవప్రక్క 2 సెంటీమీటర్లు దిగినచో ఏ కమానును ముందుగా విప్పి చూడవలెను, ఏల? జవాబును కారణముతో వ్రాయుడు. రెండు సెంటీమీటర్లే దిగినది మంచిదని తొందరపడి చెప్పకుడు, త్రుప్పును గూర్చి పైన వ్రాసినది మరల చదువుడు.