పాదం గీసిన సింహం

ఇంటి ముంగిట ముగ్గు వేయడం మీరు చూసే ఉంటారు. తమిళనాట దానిని కోలం అంటారు. కర్ణాటకలోనూ మహారాష్ట్రలోనూ రంగోలి అంటారు. ఒడిశాలో ఝోటి అంటారు. పేరేదైనా ముగ్గు వేసేవారు వంగి నిలబడి, చుక్కల మీదనే చూపు నిలిపి చేతితో గీస్తారు. గీత వంకర పోతే తుడిచి మళ్లీ వేస్తారు.

చేతికి బదులు పాదం గీస్తే? చూపు నేల మీద కాక ఎదురుగా కూర్చున్న ప్రేక్షకుల మీద ఉంటే? పైగా తుడిచి దిద్దుకొనే అవకాశం లేకపోతే? అలాంటి నృత్యం తెలుగునాట ఉంది. దాని పేరు సింహనందిని.

వేదిక మీద బియ్యప్పిండినో రంగుపొడినో పలుచగా పరుస్తారు. కొందరు దానిపై వస్త్రం కప్పి, దాని మీద నర్తిస్తారు. తాళానికి తగినట్లు అడుగులు పడుతుంటే వాటి ఒత్తిడికి గీతలు ఏర్పడతాయి. నృత్యం ముగిసేసరికి దుర్గాదేవి వాహనమైన సింహం రూపుకడుతుంది. మయూర కౌతువంలో ఇదే పద్ధతిలో కుమారస్వామి వాహనమైన నెమలిని గీస్తారు.

ఈ నృత్యానికి ఆ పేరు సింహనందన తాళం వల్ల వచ్చింది. నూటెనిమిది తాళాలలో ఇదే అతి దీర్ఘమైనది. సాధారణంగా వినే ఆదితాళంలో ఒక ఆవర్తనానికి 8 అక్షరాలుంటే, ఇందులో 128 ఉంటాయి. అంటే ఆదితాళం పదహారుసార్లు తిరిగి వచ్చేటంత కాలానికి ఇది ఒక్కసారి పూర్తవుతుంది. అంత పొడవైన లెక్కను మనసులో నిలుపుకొంటూనే, సింహం జూలు ఎక్కడ మొదలైందో, తోక ఎటు తిరగాలో నర్తకి గుర్తుంచుకోవాలి.

నాట్యం వచ్చినంత మాత్రాన ఇది రాదు, చిత్రలేఖనం వచ్చినంత మాత్రాన కూడా రాదు. కాగితం మీద సింహాన్ని బాగా గీయగలిగినవారైనా, ఆ బొమ్మను అడుగులుగా విడగొట్టుకోవడం వేరే నేర్చుకోవాలి. ఏ వంపుకు పాదపు అంచు కావాలి, ఏ చుక్కకు మడమ కావాలి, ఏ గీతకు బొటనవ్రేలు చాలు అన్నది సాధన మీదనే తెలుస్తుంది. అన్నిటికంటె కష్టమైనది దారి చూసుకోవడం. ఒకసారి గీసిన చోట మళ్లీ అడుగు పడితే గీత చెరిగిపోతుంది. కనుక ఏ భాగం ముందు గీయాలో, ఎటునుంచి వెనుదిరగాలో ముందే నిర్ణయించుకోవాలి. కుంచె ఆమె పాదమే కాబట్టి, పాదం పొడవును బట్టి, అంగను బట్టి బొమ్మ మారుతుంది. ఒకరి సింహం మరొకరి సింహంలా ఉండదు.

సింహం ఎప్పుడు కనబడుతుందా అని మాత్రమే ఎదురుచూసే ప్రేక్షకుడు నృత్యాన్ని సగమే చూసినట్లు. బొమ్మ చక్కగా కుదిరి, ముఖంలో భావం లేకుండా, లయ తప్పితే అది గారడీ అవుతుంది గాని నాట్యం కాదు.

ఒకప్పుడు దేవాలయాలలో ఇటువంటి నృత్యాలు చేసినవారు దేవదాసీలు. తెలుగునాట వారిని కలావంతులు అని కూడా అనేవారు. ఆడపిల్లలను దేవాలయాలకు అంకితం చేసే ఆచారం ఎందరి బ్రతుకులనో బాధించింది. 1947లో మద్రాసు రాష్ట్రంలో చట్టం దానిని నిషేధించింది. ఆ చట్టం రావలసిందే. అయితే ఆచారంతో పాటు దాని నీడన పెరిగిన కళకూ చోటు లేకుండా పోయింది. నేర్పేవారు, అడిగేవారు తగ్గి కొన్ని నృత్యాలు మరుగునపడ్డాయి.

వాటిని మళ్లీ వేదిక మీదికి తెచ్చినవారిలో కూచిపూడి గురువు సి.ఆర్. ఆచార్యులు ముఖ్యులు. ఆయన చాలాకాలం తెలుగునేలకు ఎంతో దూరాన, గుజరాత్‌లోని అహమ్మదాబాదులో ఉన్నారు. మృణాళినీ సారాభాయి, విక్రమ్ సారాభాయి 1949లో అక్కడ స్థాపించిన దర్పణ అకాడమీలో ఆయన కూచిపూడి నేర్పారు. ఇంట తెలుగు మాట వినని పిల్లల పాదాలకు కూడా ఆ గీతలు అబ్బాయి.

ఇప్పటికీ కొందరు నర్తకీమణులు సింహనందినిని ప్రదర్శిస్తున్నారు. ఆట ముగిశాక కొందరు వస్త్రాన్ని ఎత్తి ప్రేక్షకులకు చూపుతారు. నేల మీద మిగిలిన పొడిని ఊడ్చివేస్తారు. మరునాడు మరో ఊళ్లో ప్రదర్శన ఉంటే సింహాన్ని మళ్లీ మొదటి గీత నుంచి గీయవలసిందే.