సెయింట్ లూయీలో తీరిగ్గా మూడు రోజులు

ప్రశ్న: జనవరిలో సెనెగల్‌కు, డాకర్‌లోని మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. మేమిద్దరమే సెయింట్ లూయీ చూసి రావాలనుంది. మావారికి 63 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. తట్టుకోగలమా? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: నిశ్చింతగా వెళ్లండమ్మా. అలసట ఊళ్లో తిరగడంవల్ల కాదు, డాకర్ నుంచి సుమారు 260 కిలోమీటర్ల రోడ్డు ప్రయాణంవల్ల వస్తుంది. మొదటిరోజు ఇంకేమీ పెట్టుకోకండి. పాత ఊరు సెనెగల్ నది మధ్య సన్నటి దీవి. బస అక్కడే, కింది అంతస్తులో తీసుకోండి. పొద్దున ఫైదెర్బ్ వంతెన దాకా నడక, సాయంత్రం గుర్రబ్బండి చాలు. జూజ్ పక్షుల పార్కును మాత్రం వదులుకోవద్దు. ఆ నెలలో పెలికాన్ల గుంపులను పడవలో కూర్చునే చూడొచ్చు.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. ధ్రువపత్రం లేకపోతే తిరిగొచ్చాక మన విమానాశ్రయంలోనే క్వారంటైన్‌కు పంపవచ్చు. 60 దాటినవారికి ఈ టీకాతో కొంత ముప్పు ఎక్కువ. అందుకే మీవారిని ముందుగా డాక్టరుకు చూపించండి, మలేరియా మాత్రల సంగతీ అడగండి. అక్కడ గానీ, వచ్చిన కొన్ని వారాలకు గానీ జ్వరం వస్తే అదేరోజు ఆసుపత్రికి వెళ్లి, సెనెగల్ వెళ్లొచ్చామని చెప్పండి.